ఆ బగ్ మాకు ముందే తెలుసు: సిమ్యులేషన్ గేముల మీద అపోహలు - వాస్తవాలు

గేముల టెస్టింగ్ నా పని. విజయనగరంలో ఇంటి దగ్గర కూర్చునే చేస్తాను. బొబ్బిలిలో ఉండే మా అక్క కొడుకు మొన్న ఫోన్ చేశాడు. దాచుకున్న డబ్బులతో కొత్తగా వచ్చిన ఊరు కట్టే గేము కొన్నాడు. "మావయ్యా, మీరంతా ఏటి సేస్తన్నారు మరి? జనాభా యాభై వేలు దాటిందో లేదో బళ్ళన్నీ రోడ్డు మీదే ఆగిపోనాయి. ఒక్కడైనా ఆడి సూడలేదా?" అని అరిచాడు. వాడి కోపంలో న్యాయం ఉంది. అయితే దాంతో పాటు కొన్ని అపోహలూ ఉన్నాయి.

అపోహ: టెస్టింగ్ చెయ్యకుండానే అమ్మేశారు.

చేస్తాం. మీకు కనబడే బగ్గుల్లో, అంటే గేములో దొర్లిన తప్పుల్లో, చాలావాటికి మా జాబితాలో అప్పటికే ఒక నంబరు ఉంటుంది. ఒకసారి ఇలాంటి గేములోనే నేనొకటి పట్టుకున్నాను. ఊళ్ళో రేవు కట్టాక, సరుకు దించిన లారీ వెనక్కి పోకుండా గేటు ముందే చుట్లు తిరుగుతోంది. ఒక్క లారీ అయితే నవ్వొస్తుంది. ఆటలో మూడేళ్ళు గడిచేసరికి నాలుగొందల లారీలు పోగయ్యాయి. వాటి వెనకాల అంబులెన్సు, దాని వెనకాల చెత్తబండి. వీడియో తీసి, ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచి ఉంచే సేవ్ ఫైలు జోడించి, ఏ వరసలో ఏం చేస్తే వస్తుందో రాసి పెట్టాను. వారం తర్వాత చూస్తే దాని పక్కన 'విడుదల తర్వాత' అని ఉంది. ప్రకటనలకు డబ్బు కట్టేశారు, ఈ మూడు నెలల లెక్కల్లో అమ్మకాలు కనబడాలి, తేదీ కదలదు. ఆ తేదీ పెట్టేది మేం కాదు, కోడ్ రాసేవాళ్ళు అంతకన్నా కాదు.

సిమ్యులేషన్‌కే, అంటే ఊరు కట్టడం లాంటి నిజ జీవితపు పనుల్ని అనుకరించే ఆటలకే, ఈ జబ్బు ఎందుకు ఎక్కువంటే, కాల్పుల ఆటలో ఒక గది, పదిమంది శత్రువులు ఉంటారు. ఆ గదిని వందసార్లు ఆడి చూడొచ్చు. ఊరు కట్టే ఆటలో ఒక్కో మనిషికీ ఇల్లు, ఉద్యోగం, పోయే దారి అన్నీ లెక్క కట్టాలి. మా ఊళ్ళో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం రోజు మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడ్డవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కోట దాకా రోజూ పోయే దారే, కానీ ఆ రోజు అడుగు పడదు. ఆటలో అంత జనం పోగవ్వాలంటే ముప్పై నలభై గంటలు ఆడాలి. ఈలోగా కొత్త బిల్డ్, అంటే మార్పులు చేసిన గేము, వస్తుంది, నిన్నటి సేవ్ తెరుచుకోదు, మళ్ళీ మొదటి రోడ్డు నుంచి మొదలు.

అపోహ: మన కంప్యూటరే పాతది, గ్రాఫిక్స్ కార్డు మారిస్తే సరి.

2023 అక్టోబరులో సిటీస్: స్కైలైన్స్ 2 అనే ఊరు కట్టే గేము వచ్చినప్పుడు ఖరీదైన కార్డులు ఉన్నవాళ్ళూ తంటాలు పడ్డారు. అనుకున్నంత పనితీరు రాలేదని విడుదలకు ముందే తయారీదారులు ఒప్పుకున్నారు కూడా. తీరా తవ్వి చూస్తే, ఆటలో మనుషుల బొమ్మలకి నోట్లో పళ్ళు సహా చెక్కి ఉన్నాయి. కెమెరా దూరం పోయినా ఆ బొమ్మలు తేలికయ్యేవి కావు. ఆకాశం నుంచి చీమలా కనబడే మనిషికి దవడపళ్ళు ఎందుకో! అదొక్కటే కారణం కాదనుకోండి.

తప్పు కార్డుదో కాదో తేల్చడానికి నేను మొదట చేసే పని ఆటని పాజ్‌లో పెట్టి కెమెరా తిప్పడం. అప్పుడూ తడబడితే భారం బొమ్మలది, అంటే కార్డుది. పాజ్‌లో సాఫీగా ఉండి, కాలం కదలగానే కుంటిందా, భారం లెక్కలది, అంటే ప్రాసెసర్‌ది. అక్కడ ముప్పై వేలు పోసి కార్డు కొంటే దండగ.

అపోహ: రెండు ప్యాచులు (విడుదలయ్యాక పంపే సవరణలు) పడితే అదే బాగుపడుతుంది.

2016 ఆగస్టులో వచ్చి తిట్లు తిన్న నో మ్యాన్స్ స్కై అనే అంతరిక్షంలో తిరిగే ఆట, ఏళ్ళ తరబడి ఉచిత అప్‌డేట్లతో పరువు దక్కించుకుంది. అందరూ దాన్నే ఉదాహరణగా చూపిస్తారు. కానీ అన్నీ అలా కావు. 2013 మార్చిలో, నెట్ ఉంటేనే నడిచే ఊరు కట్టే ఆట సిమ్‌సిటీ కొన్నవాళ్ళు సర్వర్లు కిటకిటలాడి లోపలికే పోలేకపోయారు. నెట్ లేకుండా ఆడుకునే వీలు రావడానికి ఏడాది పట్టింది. రాకెట్లు కట్టి ఎగరేసే కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2 కథ ఇంకా కష్టం. 2023 ఫిబ్రవరిలో ఎర్లీ యాక్సెస్ అంటూ, అంటే తయారీ పూర్తికాకముందే, 50 డాలర్లకు అమ్మకానికి పెట్టారు, 2024లో తయారుచేసే జట్టునే ఇంటికి పంపేశారు. అది అసంపూర్తిగానే ఉండిపోయింది.

అపోహ: కొన్నాక డబ్బు తిరిగి రాదు.

కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే ఇస్తారు. ఎర్లీ యాక్సెస్‌కీ అంతే. కానీ ఊరు కట్టే ఆటలో రెండు గంటలంటే మంచినీటి పైపులు వేసేసరికే అయిపోతాయి. బగ్ కనబడేది ముప్పయ్యో గంటలో.

మావాణ్ణి ఎన్ని గంటలు ఆడావని అడిగాను. ముప్పై ఒకటట. డబ్బు సంగతి వదిలెయ్యమని, బళ్ళు ఏ కూడలి దగ్గర ఆగాయో వీడియో తీసి, సేవ్ ఫైలుతో సహా కంపెనీకి పంపమని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"అంటే డబ్బులు నేనిచ్చి, నీ పనీ నేనే సేస్తన్నానేటి మావయ్యా?"