తెల్లచీర దెయ్యం గురించి పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

పాత జానపద సినిమాలో దెయ్యం కనిపించగానే మీరు పకపకా నవ్వుతున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నవ్వండి, తప్పేమీ లేదు. ఆ దెయ్యాన్ని తెరమీదికి తెచ్చినవాళ్లు కూడా మీరు సగం భయపడాలని, సగం నవ్వాలని కోరుకున్నారు. నవ్వడం అయిపోయాక మాత్రం ఆ ముక్కను ఒకసారి వెనక్కి తిప్పి, దెయ్యం అక్కడికి ఎలా వచ్చిందో చూడమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు చూస్తున్నది విఠలాచార్య సినిమా. ఆయన 1920లో ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టారు. కన్నడంలో సినిమాలు తీసి, తర్వాత తెలుగుకు వచ్చారు. ‘జ్వాలాద్వీప రహస్యం’, ‘లక్ష్మీకటాక్షం’, 1978లో ‘జగన్మోహిని’ ఆయన తీసినవే. జనం ఆయనను ‘జానపద బ్రహ్మ’ అన్నారు. పెద్ద పెద్ద విమర్శకులు మాత్రం ఆ సినిమాలను పాములవాడి ఆటలా చూసి పక్కన పెట్టేశారు. టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు కొని, ఇసుక కుప్పచేసి దానిమీద కూర్చుని చూసే మనుషులకు నచ్చింది కాబట్టి అందులో కళ ఉండదని వాళ్ల నమ్మకం. ఆ తీర్పు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఎందుకో ఒక్క దెయ్యాన్ని దగ్గరగా చూపించి చెబుతాను.

గోడ కనిపిస్తూ ఉండగానే దాని ముందునుంచి తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి పొగలా నడిచిపోతుంది చూశారా? అప్పట్లో కంప్యూటర్ లేదు. అలాంటి దృశ్యానికి ఒకే ఫిల్ము ముక్కను కెమెరాలో రెండుసార్లు నడిపించేవారు. మొదటిసారి ఖాళీ గదిని తీస్తారు. ఫిల్మును చీకట్లోనే వెనక్కి చుట్టి, నటిని నల్లగుడ్డలు కట్టిన చోట నిలబెట్టి రెండోసారి తీస్తారు. నలుపు వెలుతురును తిప్పి పంపదు కాబట్టి నల్లగుడ్డ ఉన్నంత మేరా ఫిల్ముకు ఏమీ అంటదు. మెరిసే తెల్లచీర మాత్రం ముందే పడిన గది బొమ్మ మీద పలచగా పడుతుంది. గోడలోంచి మనిషి, మనిషిలోంచి గోడ కనిపిస్తాయి. నల్లచీర కట్టిన దెయ్యం ఈ పద్ధతిలో కనబడనే కనబడదు. మన తెర దెయ్యాలన్నీ తెల్లచీరల్లోనే తిరగడానికి ఇది ఒక కారణమని నా నమ్మకం. ఇంకో కారణం కూడా ఉంది, అది చెప్పడానికి నాకు బాధగా ఉంటుంది. భర్త పోయిన ఆడవాళ్లకు తెల్లచీర కట్టి, వాళ్లు ఎదురొస్తే అపశకునమని లోకం తప్పుకుని పోయేది. ఆ పాడు భయం కూడా తెరమీది చీరలోకి చేరింది.

ఆ నటి పని ఎంత కష్టమో ఊహించండి. ఆమె చుట్టూ గది లేదు, తలుపు లేదు, మంచం లేదు. అంతా నలుపే. లేని తలుపును తోసుకుని, లేని మంచం చుట్టూ తిరగాలి. ముందు తీసిన గదిలో తలుపు ఎక్కడుందో కొలతలు రాసుకుని, అడుగులు లెక్కపెట్టుకుని నడవాలి. ఒక్క అడుగు తేడా వస్తే దెయ్యం మంచంలోంచి నడిచిపోతుంది. తీసింది ఎలా వచ్చిందో వెంటనే చూసుకునే వీలు కూడా లేదు. ఫిల్ము ల్యాబుకు వెళ్లి, కడిగి వచ్చాకే తెలుస్తుంది. రెండోసారి తప్పు జరిగితే మొదటిసారి పడిన శ్రమ కూడా దానితోపాటే పోతుంది.

మనిషి ఉన్నట్టుండి మాయమవడం సులువు. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్లీ నడిపిస్తారు. సులువంటే అక్కడున్న మిగతావాళ్లంతా ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడగలిగితేనే. ఎవరి చెయ్యి కాస్త జరిగినా తెరమీద చటుక్కున ఎగిరినట్టు కనిపిస్తుంది. మీరు నవ్వింది అలాంటి చోటే అయి ఉంటుంది. నేలమీది కత్తి చేతిలోకి ఎగిరి రావాలంటే చేతిలోంచి జారవిడిచి, ఆ ఫిల్మును వెనక్కి నడిపిస్తారు. ఒకే నటుడు ఇద్దరుగా కనబడాలంటే లెన్సుకు సగం అడ్డుపెట్టి ఒక పక్క తీసి, ఫిల్ము వెనక్కి చుట్టి, అడ్డు రెండో పక్కకు మార్చి మళ్లీ తీస్తారు. ఈ విద్యలో రవికాంత్ నగాయిచ్ పేరు గుర్తుపెట్టుకోండి. 1961లో వచ్చిన ‘సీతారామ కల్యాణం’లో రావణుడికి పది తలలు తెప్పించిన కెమెరామన్ ఆయనే. విఠలాచార్య దగ్గరా పనిచేశారు. తర్వాత హిందీకి వెళ్లి దర్శకుడయ్యారు.

ఇక ‘జగన్మోహిని’లో జయమాలిని వేసిన దెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేసే దృశ్యం ఉంది. మీకు వింతగా అనిపించి ఉంటుంది. దాన్ని హాల్లో కూర్చుని చూసిన ఆడవాళ్ల సంగతి ఆలోచించండి. వానాకాలంలో తడికట్టెలు అంటుకోక, ఊదుగొట్టంతో ఊది ఊది, పొగకు కళ్లు మండి, వంట ఆలస్యమైందని మాటలు పడ్డవాళ్లు వాళ్లు. కాళ్లే కట్టెలై మండుతుంటే చలించకుండా కూర వండుతున్న ఆడదాన్ని చూసి వాళ్లకు ఒళ్లు జలదరించి ఉంటుంది, ఎక్కడో లోపల ‘నా బతుకూ ఇంతే’ అని కూడా అనిపించి ఉంటుంది. మంచి భయం ఎప్పుడూ ఇలా ఇంట్లోంచే పుడుతుంది. పాడుబడ్డ కోటలో గబ్బిలాలు ఎగరడంకంటే రోజూ వండే పొయ్యి దగ్గర ఏదో తేడాగా ఉండడమే ఎక్కువ భయపెడుతుంది. ఆ సినిమాల్లో ఆడవాళ్లను చూపించిన తీరులో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, మీకూ నచ్చవు. కానీ ఆ పొయ్యి దృశ్యాన్ని ఊహించిన బుర్రను మెచ్చుకోకుండా ఉండలేను.

ఈ విద్య సినిమాతో పుట్టలేదు. దీపం ముందు తోలుబొమ్మను జరిపితే తెరమీద రాక్షసుడు చెట్టంత పెరగడం మన ఊళ్లలో ఎన్నో తరాలు చూశాయి. రావణుడి కొలువు అయిపోగానే జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించేవారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించినప్పుడు మొదలైన సురభి నాటక కుటుంబాల పూర్వీకులు తోలుబొమ్మలు ఆడించినవాళ్లేనని చెబుతారు. వాళ్ల రంగస్థలం మీద రెండు బాణాలు ఎదురెదురుగా దూసుకొచ్చి ఢీకొంటే నిప్పురవ్వలు రాలేవి. ఘటోత్కచుడు మాయలు చేసేవాడు, మనుషులు గాలిలో తేలేవారు. అన్నీ తీగలు, తాళ్లు, లైట్లు, పక్కన నిలబడ్డవాళ్ల చేతుల వేగం. తోలుబొమ్మల తెరనుంచి నాటకం పరదాకు, అక్కడినుంచి సినిమా తెరకు మన భయం, మన నవ్వు కలిసే నడిచివచ్చాయి. సురభివాళ్లు ఇప్పటికీ ఆడుతున్నారు. మీ ఊరికి వస్తే వదలకుండా చూడండి, వీలైతే ముందు వరుసలో కూర్చోండి.

కాగితం మీద కూడా ఈ దారే నడిచింది. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1947 జూలైలో ‘చందమామ’ మొదలుపెట్టారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యంగారు నెలనెలా రాసిన సీరియళ్ల పేర్లు వింటేనే మాకు గుండె దడదడలాడేది: ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’. పక్కనే చిత్రా వేసిన బొమ్మలు. విరిగిన స్తంభాలు, నోరు తెరిచిన మొసళ్లు, మంత్రదండం ఎత్తిన మాంత్రికులు. సీరియళ్ల మీద దాసరిగారి పేరు ఉండేది కాదు. లక్షలమంది పిల్లల రాత్రులను ఆక్రమించిన మనిషి పేరు ఆ పిల్లల్లో చాలామందికి పెద్దయ్యేదాకా తెలియలేదు. ఆయన 2010లో కన్నుమూశారు.

అదే పత్రికలో బేతాళ కథ. అసలు బేతాళ కథలు ఇరవై అయిదే. సోమదేవుడు పదకొండో శతాబ్దంలో కూర్చిన ‘కథాసరిత్సాగరం’లో అవి ఉన్నాయి. చందమామ మాత్రం వాటితో ఆగకుండా దశాబ్దాలపాటు కొత్తవి పుట్టిస్తూనే పోయింది. శంకర్ వేసిన ఆ శీర్షిక బొమ్మ చూడండి: చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. దీన్ని చిన్నపిల్లల పత్రికలో వేశారంటే మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. కానీ ఆ శవం నోరు విప్పి చేసే పని ఏమిటి? కథ చెప్పి, ఇందులో ఎవరిది న్యాయమని అడుగుతుంది. తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరిస్తుంది. భయపెట్టిన చోటే మమ్మల్ని ఆలోచించమని కూర్చోబెట్టింది. రాజు జవాబు చదివేముందు పుస్తకం మూసి, మా జవాబు మేం చెప్పుకునేవాళ్లం. కొన్నిసార్లు రాజు చెప్పిందే తప్పని మాకు అనిపించేది. ఇప్పటికీ రెండు మూడు కథల్లో నా అభిప్రాయం మారలేదు.

కాస్త పెద్దవాళ్లకు అద్దె పుస్తకాల షాపులు ఉండేవి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు అక్కడే మాకు పరిచయమయ్యారు. మందపాటి అట్ట వేసి, దారంతో కుట్టి, ఎన్నో చేతులు మారి నలిగిన పుస్తకాలు. అంచుల్లో ఎవరో పెన్సిలుతో ‘ఇతడే హంతకుడు’ అని రాసి ఉండేవారు. చాలాసార్లు అది నిజం కాదు. చివరి పేజీ చిరిగిపోయి ఉంటే ముగింపు మేమే అల్లుకునేవాళ్లం. టీవీ సీరియళ్లు, కేబులు వచ్చాక ఆ షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పుస్తకాలు తూకానికి వెళ్లిపోయాయి.

1980లలో వారపత్రికల నిండా క్షుద్రశక్తుల నవలలు వచ్చాయి. ఉత్కంఠ కట్టడంలో వాటిని మించినవి తక్కువ. నేనూ వారం వారం ఎదురుచూసి చదివాను. కానీ ఒక మాట మీకు గట్టిగా చెప్పాలి. అదే రోజుల్లో మన ఊళ్లలో చేతబడి చేస్తున్నారని, బాణామతి చేస్తున్నారని నోరులేని పేదవాళ్లను చెట్టుకు కట్టి కొట్టారు, పళ్లు రాలగొట్టారు, చంపారు కూడా. ఇప్పటికీ అలాంటి వార్తలు వస్తూనే ఉన్నాయి. తోలుబొమ్మల తెర వెనక దీపం ఉందని, సినిమా దెయ్యం వెనక నల్లగుడ్డ ఉందని తెలిసి భయపడడం వేరు. పక్కింటి ముసలమ్మను చూసి భయపడడం వేరు. నేను మీకు మాయ వెనక ఉన్న తీగను ఇంతగా చూపిస్తున్నది అందుకే. తీగ తెలిసినా ఆట అందం తగ్గదు, మనుషుల మీద అనుమానం మాత్రం తగ్గుతుంది.

జనం మెచ్చినవన్నీ వాటంతట అవే నిలుస్తాయని మీరు అనుకోవచ్చు. నిలవవు. రఘుపతి వెంకయ్య, ప్రకాశ్‌ల 1921 నాటి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఇవాళ మనకు లేదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా లేదు. ఆ కాలపు ఫిల్ము సులువుగా అంటుకునే రకం, దాచడం కష్టం. ఆట అయిపోయాక దాచాల్సిన అవసరమూ ఎవరికీ కనిపించలేదు. పుణెలో జాతీయ ఫిల్ము భాండాగారం వచ్చిందే 1964లో. ‘మాయాబజార్’ను 2010లో రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు, ఎందుకంటే అది గొప్పదని అందరూ ఒప్పుకున్నారు. నేల టిక్కెట్టువాళ్ల సినిమాలకు ఆ భాగ్యం ఎక్కడిది? చాలావాటికి ఇప్పుడు దొరికేవి గీతలు పడి, పాటలు కత్తిరించి, అంచులు తెగిన కాపీలే. చందమామ పాత సంచికలు మనకు మిగిలాయంటే అందులో ఎక్కువ పుణ్యం అభిమానులదే. అటకల మీదనుంచి దించి, దుమ్ము దులిపి, ఒక్కొక్క పేజీ స్కాన్ చేసి పెట్టారు.

మీ నానమ్మ చిన్నప్పుడు చూసి భయపడ్డ ఆటేదో అడగండి. సినిమా పేరు గుర్తుండకపోవచ్చు, పొయ్యిలో కాళ్లో, చెట్టులోంచి చెయ్యో గుర్తుంటుంది. ఆమె చెప్పేటప్పుడు ఫోనులో రికార్డు చేసి, ఏ ఊళ్లో, ఏ హాల్లో, ఎవరితో కలిసి చూసిందో కూడా అడిగి ఉంచండి. మన అటక మీద ఆకుపచ్చ ట్రంకు పెట్టెలో అట్టలేని డిటెక్టివ్ నవలలు కొన్ని ఉన్నాయి. జాగ్రత్తగా తియ్యండి, కాగితం ముట్టుకుంటే విరుగుతుంది.

ఆ పొయ్యి దృశ్యం మళ్లీ పెట్టుకుని చూడండి. నటి అసలు కాళ్లు ఎక్కడ దాచారు? మంట ముందు నుంచి వస్తోందా, వెనక నుంచా? షాటు ఎక్కడ తెగుతోంది? నాకు ఒక ఊహ ఉంది, కానీ మీ ముగ్గురి జవాబులు వచ్చాకే చెబుతాను. పిన్నీవాళ్లబ్బాయి బొమ్మ గీసి పంపినా సరే.

ప్రేమతో,
మీ తాతయ్య