గన్ ఉన్నవాళ్ళంతా ఒకటే మాట మీద ఉన్నారా? వాషింగ్టన్ రాష్ట్ర తుపాకీ చట్టాలపై అపోహలు - వాస్తవాలు

సియాటిల్ పక్కన ఒక రేంజ్‌లో, అంటే గన్ కాల్చడం ప్రాక్టీస్ చేసే చోట, గన్ సేఫ్టీ క్లాసులు చెప్తుంటాను. బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ వైపు నుంచి మన తెలుగువాళ్ళు ఈమధ్య బాగానే వస్తున్నారు, బంగారం కోసం మన ఇళ్ళనే ఏరికోరి దోచుకుంటారన్న టెన్షన్ ఎక్కువమందిని రేంజ్ దాకా తెస్తోంది. వీళ్ళు అడిగే ప్రశ్నలు ఒక పక్క, ఏళ్ళ తరబడి గన్ ఉన్న అమెరికన్ల రుసరుసలు ఇంకో పక్క. విన్నకొద్దీ తెలిసేదేంటంటే రెండు వైపులా సగం తెలిసిన సంగతులే తిరుగుతున్నాయి. నేను లాయర్‌ని కాదు, మీ కేసేదైనా ఉంటే లాయర్ దగ్గరికే వెళ్ళండి.

అపోహ: "కొత్త చట్టం వచ్చిందిగా, ఇక ఇంటికొచ్చి గన్నులు పట్టుకుపోతారు."

ఇది మనవాళ్ళే ఎక్కువ అడుగుతారు, అడగడానికి కారణమూ ఉంది. మన దగ్గర ఎన్నికలొస్తే లైసెన్స్ తుపాకీని పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఒక మనిషి దగ్గర మూడు తుపాకులు ఉండొచ్చన్నదాన్ని రెండుకి దించినప్పుడు, ఆ మూడోదాన్ని ఏడాదిలోగా అప్పజెప్పమన్నారు కూడా. వాషింగ్టన్‌లో జరిగింది వేరు. 10 తూటాలు మించి పట్టే మ్యాగజైన్ల (గన్‌లో పెట్టే తూటాల డబ్బాల) అమ్మకం 2022 జులై 1 నుంచి ఆగింది. 2023 ఏప్రిల్ 25న అప్పటి గవర్నర్ జే ఇన్‌స్లీ సంతకంతో ఏఆర్-15 లాంటి రైఫిళ్ళని అమ్మడం, తయారుచేయడం, బయటినుంచి తేవడం ఆగాయి. అప్పటికే బీరువాలో ఉన్నవాటి జోలికి ఎవరూ రాలేదు, తండ్రి పోతే ఆ రైఫిల్ కొడుక్కి వారసత్వంగా రావచ్చు కూడా. సంతకం పడిన రోజు నుంచే అమలు కావడంతో అంతకుముందు కొన్ని వారాలు షాపుల ముందు క్యూలు కట్టి మరీ కొన్నారు, జన్మలో అలాంటి రైఫిల్ మీద మనసు పడనివాళ్ళు సైతం.

అపోహ: "అంటే గన్ ఓనర్ల గోలంతా ఉత్త యాగీ."

అదీ కాదు. 2018లో ఓటర్లు ఇనిషియేటివ్ 1639ని (ఓటర్లే నేరుగా ఓటేసి తెచ్చే చట్టం, కొన్ని రైఫిళ్ళు కొనేవాళ్ళని గట్టిగా చెక్ చేయాలన్నది) 59 శాతానికి పైగా ఓట్లతో పాస్ చేశారు. అందులో "సెమీ ఆటోమేటిక్ అసాల్ట్ రైఫిల్"కి (ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక తూటా కాల్చి, తర్వాతిది తనే ఎక్కించుకునేది సెమీ ఆటోమేటిక్) ఇచ్చిన నిర్వచనం ఎంత వెడల్పంటే, పిల్లలకి గురి నేర్పడానికి వాడే రూగర్ 10/22 లాంటి చిన్న .22 రైఫిల్ కూడా అందులోకే వస్తుంది. 2023 చట్టం రాసినవాళ్ళు కాస్త జాగ్రత్తపడ్డారు, ఈ .22లు ఆ నిషేధంలో లేవు. కానీ మొదటిసారి తగిలిన దెబ్బని జనం మర్చిపోలేదు. మనవడికని కొన్న .22ని చట్టం యుద్ధంలో వాడే ఆయుధాల వరసలో నిలబెడితే ఏ తాతకైనా కోపం రాదా?

రిజిస్ట్రీ భయం సంగతీ అంతే. కేంద్రం గన్ ఓనర్ల జాబితా పెట్టుకోకూడదని 1986 నాటి ఫెడరల్ చట్టం చెప్తుంది. అయితే వాషింగ్టన్‌లో షాపులో పిస్టల్ కొంటే ఆ వివరాలు రాష్ట్ర లైసెన్సింగ్ శాఖకి వెళ్తాయి, అక్కడ ఉంటాయి. "మా పేర్లు ఎక్కడో రాసుకుంటున్నారు" అనేవాళ్ళని పిచ్చివాళ్ళ కింద కొట్టిపారేయకండి, రాసుకుంటున్నారు మరి.

అపోహ: "గన్ ఉన్నవాళ్ళంతా ఈ చట్టాలకి వ్యతిరేకమే."

నా క్లాసుకొచ్చి చూడండి. ఒక్కో తూటాకీ చేత్తో బోల్ట్ లాగాల్సిన బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో జింకల వేటకెళ్ళేవాళ్ళని 2023 నిషేధం పెద్దగా తాకలేదు, వాళ్ళలో చాలామంది భుజాలెగరేసి ఊరుకున్నారు. పోటీల్లో కాల్చేవాళ్ళకి మాత్రం మ్యాగజైన్ల చట్టం నిజంగా తలనొప్పి. కరోనా రోజుల్లో మొదటిసారి కొన్న లిబరల్ ఓనర్లయితే కొనేవాళ్ళ గతం ఆరా తీసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఇంకా గట్టిగా ఉండాలంటారు, అదే నోటితో "నా రైఫిల్ మోడల్ నిషేధిస్తే ఏం లాభం" అని కూడా అంటారు. మరోపక్క, ఈ చట్టాల మీద కోర్టుల్లో పోరాడే సంస్థల్లో పెద్దదైన సెకండ్ అమెండ్‌మెంట్ ఫౌండేషన్ ఉన్నది ఎక్కడో టెక్సాస్‌లో కాదు, మన బెల్‌వ్యూలోనే.

అపోహ: "షెరీఫ్‌లే అమలు చేయం అన్నారు, కాబట్టి చట్టం కాగితం మీదే."

2019లో కొందరు షెరీఫ్‌లు, అంటే కౌంటీ పోలీసు పెద్దలు, 1639ని అమలు చేయం అన్నమాట నిజమే. రిపబ్లిక్ అనే చిన్న ఊరి పోలీస్ చీఫ్ లోరెన్ కల్ప్ ఆ మాట మీదే పేరు తెచ్చుకుని 2020లో గవర్నర్ పదవికి పోటీ చేసి ఓడిపోయారు. అప్పటి అటార్నీ జనరల్ బాబ్ ఫెర్గూసన్ మాత్రం, చెక్ చేయకపోతే జరిగేదానికి మీదే పూచీ అని వాళ్ళకి బహిరంగ లేఖ రాశారు. ఇప్పుడు గవర్నర్ ఆయనే. అయినా గన్ కొనేది షెరీఫ్ దగ్గర కాదు కదా, కౌంటర్ అవతల ఉన్న డీలర్ దగ్గర, షెరీఫ్ మాట నమ్ముకుని ఆయన తన ఫెడరల్ లైసెన్స్ పోగొట్టుకోడు.

అపోహ: "మ్యాగజైన్ల నిషేధాన్ని కోర్టు కొట్టేసింది."

కొట్టేసింది, గంటన్నర. 2024 ఏప్రిల్ 8న కెల్సోలోని గేటర్స్ కస్టమ్ గన్స్ అనే షాపు కేసులో కౌలిట్జ్ కౌంటీ జడ్జి ఈ చట్టం చెల్లదన్నారు. వార్త తెలియగానే జనం కార్లేసుకుని ఆ షాపుకి పరిగెత్తారు, ఆ సాయంత్రమే రాష్ట్ర సుప్రీంకోర్టు నుంచి స్టే వచ్చేసింది. 2025 మేలో అదే సుప్రీంకోర్టు 7-2తో చట్టం చెల్లుతుందని తేల్చింది. ఇప్పటికీ పాత వీడియో పంపి "ఫ్రీ అయింది కదా అన్నా" అనేవాళ్ళున్నారు.

అపోహ: "ట్రైనింగ్ రూల్ ఎవరినో వేధించడానికే పెట్టారు."

ఇక్కడ నాకు స్వార్థం ఉంది, ట్రైనింగే నా కూడు, కాబట్టి కాస్త తగ్గించుకునే చదవండి. 2024 జనవరి 1 నుంచి ఏ గన్ కొన్నా గత ఐదేళ్ళలో సేఫ్టీ ట్రైనింగ్ అయి ఉండాలి, 10 పనిదినాలు ఆగాలి. చిన్నప్పటినుంచీ వేటాడిన పెద్దాయనలు నా ముందు చేతులు కట్టుకుని కూర్చుంటారు, నాకు నువ్వు నేర్పేదేంటన్నట్టు. అలాంటి చేతులే మ్యాగజైన్ బయటికి లాగి "ఖాళీ" అని గన్ బల్ల మీద పెట్టడం చాలాసార్లు చూశాను. గన్ పైభాగాన ఉండే స్లైడ్ వెనక్కి లాగితే, కాల్చబోయే తూటా కూర్చునే చాంబర్లోంచి డమ్మీ తూటా టక్‌మని కింద పడుతుంది. లాగి, చూసి, వేలు పెట్టి తడిమేదాకా గన్ ఖాళీ కాదు.

అలాగని వాళ్ళ ఫిర్యాదులన్నీ తప్పు కాదు. 2025 మే 20న సంతకమైన చట్టం ప్రకారం 2027 మే 1 నుంచి కొనే ముందే పర్మిట్ ఉండాలి, వేలిముద్రలివ్వాలి, రేంజ్‌లో నిజంగా కాల్చి చూపించాలి. పర్మిట్ ఐదేళ్ళు చెల్లుతుంది. రేంజ్ దూరంగా ఉన్న ఊళ్ళవాళ్ళకీ, రెండు షిఫ్టులు చేసుకునేవాళ్ళకీ ఇది ఖర్చు, సెలవు, పెట్రోలు. ఈ మాట అనేది నల్లజాతి మహిళలో, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళో అయినప్పుడు నా దగ్గర సరైన జవాబు ఉండదు.

అపోహ: "హెచ్1బీ అయితే ఏం, ఫ్రెండ్ గన్‌తో రేంజ్‌లో కాల్చుకోవచ్చు."

అన్నిటికన్నా నాకు గుబులు పుట్టించేది ఇదే. హెచ్1బీ, ఎఫ్1, హెచ్4, బి2, ఇలా తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు గన్ కానీ తూటా కానీ చేతపట్టడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొద్దిగా ఉన్నాయి, మనకి పనికొచ్చేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్స్. వాషింగ్టన్‌లో నివసిస్తుంటే దాని పైన షెరీఫ్ ఇచ్చే ఏలియన్ ఫైర్‌ఆర్మ్ లైసెన్స్ (విదేశీయుల తుపాకీ లైసెన్స్) కూడా కావాలి. రేంజ్‌లో అద్దెకి తీసుకున్న గన్‌కీ మినహాయింపు లేదు. శుక్రవారం సాయంత్రం టీమ్ ఔటింగ్ అని పదిమంది వస్తారు, ఫారంలో "తాత్కాలిక వీసా మీద ఉన్నారా" అన్న ప్రశ్న దగ్గర ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకుంటారు. దయచేసి "నో" టిక్ పెట్టకండి, గ్రీన్ కార్డ్ లైన్లో ఇన్నేళ్ళు నిలబడి ఒక్క సరదాకి పోగొట్టుకోకండి.

మీకు గ్రీన్ కార్డ్ ఉండి గన్ ఉంటే ఇంకో సంగతి. ఊరినుంచి విజిటర్ వీసా మీద వచ్చిన మామగారు దాన్ని పట్టుకుని ఫొటో దిగి ఫ్యామిలీ గ్రూపులో పెడితే, అది సాక్ష్యం.

అపోహ: "లాక్ వేసి పెట్టాలట, దొంగ వస్తే ఏం చేస్తాం?"

గన్ ఎక్కడ ఎలా పెట్టాలో చట్టం చెప్పదు. పట్టుకోకూడని మనిషికి, పిల్లలతో సహా, అది దొరికి వాడితే మీ మీద కేసు పడొచ్చు, సేఫ్‌లోనో ట్రిగ్గర్ లాక్‌తోనో ఉంచితే పడదు. వేలిముద్రతో క్షణాల్లో తెరుచుకునే చిన్న సేఫ్‌లు బజార్లో ఉన్నాయి, అవీ సేఫ్‌లే.

అపోహ: "డాలస్‌లో లీగల్‌గా కొన్నాను, సియాటిల్‌కి తెచ్చుకుంటే తప్పేంటి?"

ట్రాన్స్‌ఫర్ మీద వచ్చేవాళ్ళు ఈ ప్రశ్న ప్యాకింగ్ అయ్యాక అడుగుతారు. ఏఆర్-15ని ఇల్లు మారే సామానుతో తేవడం కూడా "దిగుమతి" కిందకే వస్తుంది, మిలిటరీ ఆర్డర్ మీద వచ్చేవాళ్ళలాంటి కొద్దిమందికే మినహాయింపు. గ్లాక్ 17 పిస్టల్ తెచ్చుకోవచ్చు, దానితో వచ్చిన 17 తూటాల మ్యాగజైన్ మాత్రం టెక్సాస్‌లోనే వదిలేయాలి. బయల్దేరక ముందే అక్కడి షాపులో అమ్మేసి రండి, ఇక్కడికొచ్చాక దాన్ని అమ్మడానికీ వీల్లేదు.