ఇట్స్‌లో అపాస్ట్రఫీ: అపోహలు – వాస్తవాలు

విదేశీ చదువులకు వెళ్లే పిల్లల ఎస్‌ఓపీలు (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో యూనివర్సిటీకి రాసిచ్చే వ్యాసాలు) దిద్దడం నా పని. ఎవరి ఎస్‌ఓపీ చూసినా తప్పు మాత్రం ఒకటే: 'ది యూనివర్సిటీ అండ్ ఇట్స్ ల్యాబ్స్' అనే చోట టి, ఎస్‌ల మధ్య అపాస్ట్రఫీ, అంటే పైన పెట్టే కామా లాంటి గుర్తు (’).

అపోహ: 'ఫలానావారిది' అని చెప్పాలంటే అపాస్ట్రఫీ పెట్టాల్సిందే.

వాస్తవం: నామవాచకానికి పెట్టాలి. హిజ్, హర్స్, అవర్స్, యువర్స్, దెయిర్స్, ఇట్స్‌లకు అక్కర్లేదు, 'ఫలానావారిది' అనే అర్థం వాటిలోనే ఉంది. 'హిజ్'లో ఎవరూ పెట్టరు కదా, ఇట్స్ కూడా అంతే. (వన్, ఎవరీవన్‌లకు మాత్రం పెట్టాలి.) అపాస్ట్రఫీ ఉన్న ఇట్స్ అంటే 'ఇట్ ఈజ్' లేదా 'ఇట్ హ్యాజ్'. అనుమానం వస్తే ఆ చోట 'ఇట్ ఈజ్' పెట్టి పైకి చదవండి. 'ది యూనివర్సిటీ అండ్ ఇట్ ఈజ్ ల్యాబ్స్' అనగానే తేడా చెవికే తెలిసిపోతుంది.

అపోహ: ఒక్క అపాస్ట్రఫీ తప్పయినా వీసా రాదు.

తెలుగు మీడియంలో చదివిన ఓ అమ్మాయికి ఎవరో వాట్సాప్‌లో ఈ మాట పంపారు. పాపం, భయపడి ఎస్‌ఓపీలో ఉన్న అపాస్ట్రఫీలన్నీ తీసేసింది. 'మాస్టర్స్ డిగ్రీ', 'మై ఫాదర్స్ షాప్' లాంటి సరైనవి కూడా పోయాయి. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే తిరిగి పెట్టాం. ఇలాంటి మెసేజ్‌లు పుట్టించేవాళ్లను తలచుకుంటే ఒళ్లు మండుతుంది. వీసా నిబంధనల్లో అపాస్ట్రఫీ ఊసే లేదు. అంతెందుకు, లండన్ పికడిల్లీ లైన్‌లో పక్కపక్క స్టేషన్లే చూడండి: ఎర్ల్స్ కోర్ట్‌కు అపాస్ట్రఫీ ఉంది, బారన్స్ కోర్ట్‌కు లేదు. నేర్చుకోండి, కానీ టెన్షన్ పడకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తా. బహువచనానికి అపాస్ట్రఫీ వద్దు. 'టిఫిన్స్', 'ఫ్రూట్స్' బోర్డులు చూసి నేర్చుకోకండి. ప్రాణం లేనివాటికి పెట్టకూడదన్నదీ నిజం కాదు, 'టుడేస్ పేపర్' తప్పేమీ కాదు. ఎస్‌తో ముగిసే బహువచనమైతే ఎస్ తర్వాత పెట్టాలి: 'టూ వీక్స్ లీవ్', 'టీచర్స్ డే'. విమెన్, చిల్డ్రన్‌ల చివర ఎస్ లేదు కాబట్టి అపాస్ట్రఫీ పెట్టి, ఆపైన ఎస్ చేర్చాలి. శ్రీనివాస్ లాంటి పేర్లకు అపాస్ట్రఫీ ఒక్కటే పెట్టినా, మరో ఎస్ చేర్చినా ఒప్పే. కాకపోతే మొదటి పేరాలో ఏది రాశారో చివరి పేరాలోనూ అదే రాయండి.