కాకిబంగారం గుంతలు, తెల్లరాయి లారీలు

నెల్లూరు ప్రాంతంలోని సైదాపురం మండలంలో తెల్లరాయి (క్వార్ట్జ్) గొడవ మళ్ళీ రాజుకుంది. ఎవరి హయాంలో ఎంత రాయి తరలిపోయిందన్న దాని మీదే పార్టీల వాదనంతా నడుస్తోంది. అసలు చిక్కు అంతకంటే పాతది.

గూడూరు మైకా (అభ్రకం, అదే కాకిబంగారం) పేరు, యుద్ధకాలంలో రేడియోల కోసం దానికి వచ్చిన గిరాకీ నెల్లూరువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది అప్పట్లో పారేసిన రాయి సంగతి. అభ్రకం విడిగా దొరకదు. పెగ్మటైట్ శిలలో క్వార్ట్జ్, ఫెల్‌స్పార్‌తో కలిసి ఉంటుంది. కాకిబంగారం ఏరుకుని, తెల్లగా మెరిసే ఆ క్వార్ట్జ్‌ని గని పక్కనే కుప్ప పోశారు. ఏళ్ళ తరబడి దాని మొహం చూసినవాళ్ళు లేరు.

మైకాకి కనీసం ఒక బాధ్యత ఉండేది. 1946 చట్టం కింద, ఎగుమతయ్యే సరుకు మీద సెస్సు వేసి కార్మికుల కోసం సంక్షేమ నిధి పెట్టారు. కలిచేడులో గని కార్మికుల ఆసుపత్రి ఆ ఏర్పాటులోదే. తర్వాత కరెంటు సామాన్లలో మైకా బదులు వేరే పదార్థాలు వచ్చాయి. పెద్ద ఎత్తున కొనే సోవియట్ యూనియన్ 1991లో విడిపోయింది. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గుంతలు పూడ్చకుండానే వదిలేశారు. వాటిలో నీళ్ళు నిలిచాయి.

గాజుకీ సిలికాన్‌కీ పనికొస్తుందని తెల్లరాయికి ధర పెరిగాక ఆ కుప్పల మీద అందరి కళ్ళూ పడ్డాయి. 2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలను చిన్నతరహా జాబితాలోకి మార్చింది. మైకా, క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ మూడూ అందులో ఉన్నాయి. వాటి మీద పెత్తనం రాష్ట్రం చేతికొచ్చింది. నా మటుకు ఈ కథ మలుపు తిరిగింది ఇక్కడే. అప్పటి నుంచి, అధికారం ఎవరిదైతే కుప్ప వాళ్ళదే అన్నట్టు తయారైంది.

లీజు తమదే కాబట్టి కుప్ప కూడా తమదేనని, పదిమందికి పని దొరుకుతోందని లీజుదారులు అంటారు. ఊళ్ళవాళ్ళ మాట వేరు. పాత కుప్పలు ఎత్తుతున్నామని చెప్పి కొత్తగా తవ్వుతున్నారని, పేలుళ్ళకి ఇళ్ళ గోడలు బీటలిస్తున్నాయని, గొడ్లు మేసే బీడు పోయిందని వాళ్ళ గోడు. లోతెంతో తెలియని గుంతల దగ్గర పిల్లల్ని కాపాడుకోవడం వాళ్ళకి రోజూ టెన్షనే. మైకా కోసం ఇచ్చిన లీజులో ఇంకో ఖనిజం తీయాలంటే దాన్నీ లీజులో చేర్పించుకోవాలి. అలా ఎన్ని లీజుల్లో జరిగిందో ఊరి పంచాయతీలో చదివి వినిపిస్తే సగం గొడవ అక్కడే తేలుతుంది.

2025 ఫిబ్రవరి 20న కేంద్రం మైకా, క్వార్ట్జ్, ఫెల్‌స్పార్‌లను బెరైటీస్‌తో పాటు మళ్ళీ ప్రధాన ఖనిజాల్లో చేర్చింది. పెగ్మటైట్‌లో లిథియం, టాంటలం లాంటి విలువైనవి కూడా ఉంటాయని, చిన్నతరహా లీజుల్లో వాటిని చూపించడమో తీయడమో జరగట్లేదని అందుకు కారణం చెప్పింది. ఆ మార్పుతోనే లీజుల గడువు, ఇచ్చిన రోజు నుంచి 50 ఏళ్ళ దాకా పెరిగింది. ముందు గుంత పూడ్చి, ఆ తర్వాతే కుప్ప మీద చెయ్యి వెయ్యమని ఊళ్ళవాళ్ళు అడుగుతున్నారు.