మూడు లక్షల కిలోమీటర్లు దాటిన ఆఫ్‌రోడ్ పికప్: అపోహలు - వాస్తవాలు

పాత ఫోర్‌వీల్ పికప్ గురించి వినిపించే సలహాల్లో కొన్ని షోరూం నుంచి అప్పుడే దిగిన బండికి పనికొచ్చేవి, కొన్ని తాతల కాలం ఇంజిన్లకు పనికొచ్చినవి. మధ్యలో నలిగేది మన బండి. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ బండికి కొత్తగా ఏది తగిలించినా దాని భారం పక్క భాగం మీద పడుతుంది. టైరు పెంచితే బ్రేకుల మీద, ఎత్తు పెంచితే జాయింట్ల మీద, ఇనుప బంపర్ పెడితే స్ప్రింగుల మీద. ఆ పక్క భాగం అప్పటికే మూడు లక్షలు తిరిగి అరిగి ఉంటుంది.

అపోహ: మీటరు మూడు లక్షలు దాటితే ఇంజిన్ పని అయిపోయినట్టే.

మీటరు దూరం చెబుతుంది, అరుగుదల చెప్పదు. అది కావాలంటే కంప్రెషన్ చూడాలి. పెట్రోల్ ఇంజిన్ అయితే బాగా వేడెక్కనిచ్చి, ప్లగ్గులన్నీ విప్పి, ఇగ్నిషన్, పెట్రోల్ సరఫరా ఆపేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి ఒక్కో సిలిండర్‌కు సెల్ఫ్ కొట్టాలి. ఐదారు చుట్లు చాలు. చాలా ఇంజిన్లలో 150 నుంచి 180 పీఎస్ఐ కనిపిస్తుంది. అంకె ఎంత అన్నదానికన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నిటికన్నా తక్కువది, ఎక్కువ దానిలో 85 శాతం కూడా లేకపోతే ఆ సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు గానీ హెడ్ గాస్కెట్ గానీ. ఆయిల్ పోసే ఈ పద్ధతి డీజిల్ ఇంజిన్‌కు వద్దు.

ఆయిల్ తాగుతోందని రింగులకు సిద్ధపడే ముందు పీసీవీ వాల్వు (ఇంజిన్ అడుగున క్రాంక్ కేసులో చేరే ఆవిరిని బయటికి లాగే వాల్వు) మార్చి చూడండి. అది మూసుకుపోతే క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగి ఆయిల్ దొరికిన సందులోంచల్లా బయటికి వస్తుంది. చాలా ఇంజిన్లలో ఐదు నిమిషాల పని.

బండిని నిజంగా ముగించేది ఇంజిన్ కాదు, ఛాసిస్ తుప్పు. ఇంజిన్ మార్చుకోవచ్చు, కుళ్లిన ఛాసిస్ మీద ఏ పార్టు బిగించినా దండగే. వెనక కమాన్ల హ్యాంగర్ల చుట్టూ, డీజిల్ ట్యాంకు పైభాగాన, స్టెప్నీ పైన, ముందు కంట్రోల్ ఆర్మ్‌లు బిగించే చోట చిన్న సుత్తితో కొడుతూ పోవాలి. మంచి ఇనుము ఖంగుమంటుంది. కుళ్లినది మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవాలి. దిగబడితే మిగతా మోడిఫికేషన్ల జాబితా అక్కడే ఆపేయాలి.

అపోహ: కింద నల్ల కోటింగ్ కొట్టిస్తే తుప్పు ఆగిపోతుంది.

తుప్పు మీద కొట్టిన రబ్బరు కోటింగ్ తుప్పును దాస్తుంది. ఎండి పగిలాక ఆ పగుళ్లలోంచి నీరు లోపలికి పోయి బయటికి రాదు, ఇనుము మరింత త్వరగా కుళ్లుతుంది. పైగా పెట్టె ఆకారపు ఛాసిస్ తుప్పు పట్టేది ఎక్కువగా లోపలి వైపు నుంచే. ముందుగా ఛాసిస్‌లోని నీరు కారే రంధ్రాలన్నీ పొడిచి బురద తీయాలి. లోపలికి గొట్టం దూర్చి నీటితో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తర్వాత అదే రంధ్రాల్లోంచి మైనం లేదా లానొలిన్ (గొర్రె ఉన్ని కొవ్వు) తరహా ద్రవం స్ప్రే చేయాలి. అది గట్టిపడదు కాబట్టి పగలదు. ఏడాదికోసారి మళ్లీ కొట్టాలి. బురదలో దిగి వచ్చిన ప్రతిసారీ కడిగేది పైన పెయింటును కాదు, ఈ లోపలి సందుల్ని.

అపోహ: పాత ఇంజిన్‌కు చిక్కటి ఆయిల్ పోయాలి.

శబ్దం తగ్గుతుంది, అందుకే నమ్మకం కుదురుతుంది. కానీ చలిలో స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ పైకి చేరడం ఆలస్యమవుతుంది. అరుగుదలలో పెద్ద వాటా ఆ కొద్ది క్షణాలదే. బండి పుస్తకంలో ఉన్న గ్రేడే పోసి, ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ చోట మెకానికల్ గేజి తగిలించి చూడండి. ఇంజిన్ వేడి మీద ప్రతి 1000 ఆర్పీఎంకు సుమారు 10 పీఎస్ఐ ఉంటే బేరింగుల గురించి దిగులు అక్కర్లేదు. అంతకు బాగా తక్కువైతే ఒక మెట్టు చిక్కటిది వేసి కాలం గడపవచ్చు, కానీ అది మరమ్మతు కాదు.

అపోహ: టైమింగ్ బెల్టే మార్చాలి, చైన్ జీవితాంతం వస్తుంది.

చైన్ తెగకపోవచ్చు. దాన్ని పట్టి ఉంచే గైడ్లు ప్లాస్టిక్‌వైతే అవి విరుగుతాయి. 1985 నుంచి 1995 వరకు టయోటా పికప్‌లలో వచ్చిన 22ఆర్ఈ ఇంజిన్ ఇందుకు పేరుమోసింది. గైడ్ విరిగి ముక్కలు సంపులో పడతాయి. వదులైన చైన్ టైమింగ్ కవర్‌ను లోపలి నుంచి కోస్తూ కూలెంట్ దారి దాకా పోతుంది. అప్పుడు కూలెంట్ ఆయిల్‌లో కలిసి బేరింగులు పోతాయి. గైడ్ల ఖర్చుతో పోయేది ఇంజిన్ ఖర్చు దాకా వస్తుంది. ఉదయం స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు ముందువైపు గలగలమని ఆగిపోతే అదే హెచ్చరిక. ఆ ఇంజిన్‌కు వెనక ఇనుప పట్టీ ఉన్న గైడ్లు దొరుకుతాయి. చైన్, టెన్షనర్, పళ్ల చక్రాలు కలిపి ఒకేసారి మార్చాలి. ఆ పని పెట్టుకున్నప్పుడే వాటర్ పంపు కూడా.

అపోహ: ఎప్పుడూ మార్చని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌ను ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది.

ఈ భయం పుట్టడానికి కారణం ఉంది. చాలామంది గేర్లు జారడం మొదలయ్యాకే ఆయిల్ మార్పిస్తారు. ఆ తర్వాత వారానికి గేర్‌బాక్స్ నిలిచిపోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. జారకుండా నడుస్తున్న గేర్‌బాక్స్‌కు ఆయిల్ మార్చవచ్చు, మెషీన్‌తో ఒత్తిడి పెట్టి ఫ్లష్ చేయించడం మాత్రం వద్దు. ప్యాన్ విప్పితే సాధారణంగా మూడు నాలుగు లీటర్లు దిగుతుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. దిగినంత కొలిచి, అంతే కొత్తది పోసి, ఫిల్టర్ మార్చి, 1000 కిలోమీటర్లు తిప్పి మళ్లీ అదే పని. మూడుసార్లు చేస్తే చాలావరకు కొత్త ఆయిలే ఉంటుంది. ప్యాన్ అడుగున అయస్కాంతం మీద బూడిదలాంటి పొడి మామూలే, లోహపు పెచ్చులు కనిపిస్తే ఆలోచించాల్సిందే.

ఇక్కడే ఇంకోటి. చాలా బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. అది లోపల చిట్లితే కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి పోయి ఆయిల్ గులాబీ రంగు నురగలా మారుతుంది, క్లచ్ ప్లేట్ల అతుకు ఊడుతుంది. కంపెనీతో వచ్చిన రేడియేటరే ఇంకా ఉంటే, కారకపోయినా మార్చేయడం మేలు.

అపోహ: గేర్ ఆయిల్ ఏదైనా ఒకటే.

జీఎల్-4, జీఎల్-5 అనేవి గేర్ ఆయిల్ గ్రేడ్లు. ఇరుసు మధ్య గేర్లుండే ఉబ్బు భాగానికి, అంటే హౌసింగ్‌కు, జీఎల్-5 కావాలి, పళ్ల మీద రాపిడి అక్కడ ఎక్కువ. ఇత్తడి సింక్రో రింగులు (గేరు సాఫీగా పడేలా వేగాలు కలిపేవి) ఉన్న మాన్యువల్ గేర్‌బాక్స్‌కు బండి పుస్తకంలో జీఎల్-4 రాసి ఉంటే అదే పోయాలి. జీఎల్-5లో గంధకపు సంకలనాలు ఎక్కువ. కొన్ని రకాల్లో అవి ఇత్తడిని తింటాయి, కొన్నిట్లో జారుడు ఎక్కువై సింక్రో పట్టు తప్పుతుంది. రెండో గేరు గరగరమంటే బాక్స్ విప్పించే ముందు లోపల ఏ ఆయిల్ ఉందో కనుక్కోండి. అన్నట్టు, పాతది దింపే ముందు నింపే బోల్టు విప్పి చూసుకోవాలి. అది రాకుండా మొండికేస్తే, దింపేశాక నింపే దారి ఉండదు.

అపోహ: లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను) వేస్తే బండి ఆఫ్‌రోడ్‌కు సిద్ధం.

ఎక్కువ డబ్బు, ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. వెనక రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు ఉన్న బండికి ఎంత లిఫ్ట్ వేసినా హౌసింగ్ నేల నుంచి ఒక్క మిల్లీమీటర్ కూడా లేవదు. దాన్ని లేపేది టైరే. లిఫ్ట్ లేపేది బాడీని, ఛాసిస్‌ను.

ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలేది) ఉంటే స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన 25 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టగానే చక్రం దగ్గర సుమారు 50 వరకు ఎత్తు వస్తుంది. చవక, తేలిక. కానీ స్ట్రట్ మొత్తం పొడవు పెరిగినట్టే కాబట్టి, చక్రం గాలిలో వేలాడినప్పుడు మునుపటి కన్నా కిందికి దిగుతుంది. పై బాల్ జాయింట్, చక్రాన్ని తిప్పే షాఫ్టు మీది సీవీ జాయింట్ వాటి హద్దు దాకా వంగుతాయి. గుంటలో పడినప్పుడు బంప్ స్టాప్ (సస్పెన్షన్‌ను ఆపే రబ్బరు దిమ్మ) కన్నా ముందే స్ట్రట్ లోపల అడుగు కొట్టుకోవచ్చు. పొడవైన స్ప్రింగ్, దానికి తగిన షాక్ అబ్జార్బర్ కలిపి వేయడమే సరైన దారి. మూడు లక్షలు తిరిగిన బాల్ జాయింట్లను అలాగే ఉంచి పైన కొత్త స్ట్రట్ బిగించడం కన్నా, ఆ డబ్బుతో ముందు జాయింట్లు మార్చడం తెలివి. కొన్ని డిజైన్లలో బండి బరువు కింది బాల్ జాయింట్‌ను ఊడలాగే దిశలో పడుతుంది. అలాంటిది పోతే చక్రం పక్కకు పడిపోతుంది, ముందుగా శబ్దం చేస్తుందన్న హామీ లేదు.

టోర్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉన్న బండిలో బోల్టు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందనుకుంటారు. గట్టిపడదు, ఎత్తు మారుతుంది అంతే. కిందికి దిగే ప్రయాణం తగ్గిపోయి ప్రతి గతుకుకీ పైన టక్కుమని కొడుతుంది. 25 నుంచి 30 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి.

లిఫ్ట్ వేసిన రోజే చూడాల్సినవి: రెండు చక్రాలనూ పూర్తిగా వేలాడదీసి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, బ్రేకు గొట్టాలు బిగుసుకుంటున్నాయా అని. వెనక ఇరుసుకు లోడును బట్టి బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వు ఉంటే దాని కడ్డీని కూడా అదే మేర సర్దాలి. లేకపోతే వెనక ఎప్పుడూ ఖాళీగానే ఉందనుకుని ఆ వాల్వు వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గించేస్తుంది. క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే గీత వెనక్కి వాలిన కోణం) తగ్గి హైవే మీద స్టీరింగ్ తేలిపోతుంది, అలైన్‌మెంట్ తప్పనిసరి. రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటే, బండి కదిలేటప్పుడు వచ్చే వణుకు చాలాసార్లు సెంటర్ బేరింగ్ కోణం వల్లే. రబ్బరు బుష్‌ల బోల్టులు బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే బుష్ ఎప్పుడూ మెలికలోనే ఉండి త్వరగా చిరుగుతుంది. కమాన్లను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కొత్తవే వేయాలి, 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి.

అపోహ: పెద్ద టైరు ఎంత పెద్దదైతే అంత మంచిది.

265/70 ఆర్16 టైరు వ్యాసం సుమారు 777 మిల్లీమీటర్లు. 285/75 ఆర్16 అయితే 834. తేడా 7 శాతం పైచిలుకు. హౌసింగ్ కింద దక్కేది అందులో సగం, అంటే 28 మిల్లీమీటర్లే. పోయేవి: మీటరు 100 చూపిస్తుంటే అసలు వేగం 107. ఇరుసులోని 4.10 ఫైనల్ గేర్ రేషియో 3.82లా పనిచేస్తుంది, క్లచ్, గేర్‌బాక్స్ ఆ భారం మోస్తాయి. పాత లాగుడు తిరిగి రావాలంటే 4.40 దాకా కావాలి, కాబట్టి దొరికే వాటిలో 4.30 గానీ 4.56 గానీ ఎంచుకోవాలి. ముందు, వెనక రెండింటికీ ఒకే రేషియో ఉండాలి. సర్వీసు దూరం కూడా మీటరు తక్కువ లెక్కిస్తుంది. 10,000 అని చూపేసరికి 10,700 తిరిగి ఉంటుంది. మైలేజీ తగ్గిందని గోల పెట్టేవాళ్లు ఈ లెక్క మరిచిపోతుంటారు.

టైరు మార్చే ముందు ఉన్నదాంట్లో గాలి తగ్గించి చూడండి. కంకర దారిలో మామూలు ఒత్తిడి కన్నా పాతిక శాతం తక్కువ, మెత్తటి ఇసుకలో 15 నుంచి 18 పీఎస్ఐ. అప్పుడు టైరు పొడవుగా పరుచుకుని పట్టు పెరుగుతుంది. వేగం తగ్గించాలి, మలుపులు మెల్లగా తీసుకోవాలి. మామూలు రిమ్ములో 12 కన్నా తగ్గిస్తే టైరు అంచు ఊడే ప్రమాదం ఉంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాల్సిందే.

అపోహ: గట్టి స్ప్రింగులు వేస్తే ఎక్కువ బరువు వేయవచ్చు.

స్ప్రింగు వంగకపోతే బండి బరువు తగ్గినట్టు కాదు. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, ఛాసిస్ పాతవే. మనుషులు, సామాను కలిపి ఎక్కించడానికి అనుమతి 900 కిలోలనుకోండి. ఇనుప బంపర్ 65, వించ్ (బండిని లాగే తాడు యంత్రం) 35, క్యానపీ (వెనక తొట్టి మీది కప్పు) 80, పై రాక్, టెంట్ 90, డ్రాయర్లు, ఫ్రిజ్ 90, నీళ్లు 60, పనిముట్లు 60, నలుగురు మనుషులు 320. మొత్తం 800, ఇంకా బట్టలు ఎక్కలేదు. పూర్తి సామానుతో వేబ్రిడ్జి మీద ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించి తలుపు ఫ్రేము మీది ప్లేటుతో పోల్చాలి. వెనక ఇరుసు దాటి వేలాడే బరువు ఛాసిస్‌ను వంచుతుంది. కమాన్లు మోయాల్సిన భారాన్ని ఎయిర్‌బ్యాగులు ఛాసిస్‌లో ఒకే చోటికి చేరుస్తాయి. గుంటల దారిలో ఛాసిస్ వంగేది సరిగ్గా అక్కడే.

అపోహ: ఫోర్‌వీల్ వాడకుండా దాచుకుంటే ఎక్కువ కాలం వస్తుంది.

వాడకపోతే ఫోర్‌వీల్‌ను కలిపే యాక్చుయేటర్, ఫోర్కు బిగుసుకుపోతాయి, పై సీళ్లు ఎండిపోతాయి. నెలకోసారి మట్టి దారిలో 15 కిలోమీటర్లు వేసి నడపాలి. పార్ట్ టైమ్ రకమైతే ఎండిన తారు మీద మాత్రం వద్దు. మలుపులో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరుగుతాయి, ఆ తేడా పోయే దారి లేక షాఫ్టులు మెలిపడతాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లకు కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. షాఫ్ట్ పొడవు మారనిచ్చే జారే యోక్‌కు మాత్రం అలా కాదు, అది సాగడం మొదలవగానే ఆపాలి. ఎక్కువైతే గ్రీజు లోపల బిగుసుకుని, స్ప్రింగు నొక్కుకున్నప్పుడు షాఫ్ట్ పొట్టి కాలేక గేర్‌బాక్స్ బేరింగ్‌ను గుద్దుతుంది.

అపోహ: స్నోర్కెల్ (గాలిని పై నుంచి ఇంజిన్‌కు తెచ్చే ఎత్తైన గొట్టం) ఉంటే ఎంత లోతు నీరైనా దాటవచ్చు.

స్నోర్కెల్ కాపాడేది ఇంజిన్ పీల్చే గాలిని మాత్రమే, అదీ ప్రతి అతుకూ సీల్ చేసి ఉంటేనే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున నీరు కారే చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే పైన ఎంత పొడవు గొట్టం పెట్టినా నీరు అక్కడి నుంచే వస్తుంది. హౌసింగ్ సంగతి వేరు. వేడిగా ఉన్న ఇరుసు చల్లటి నీటిలో మునగగానే లోపలి గాలి కుంచించుకుంటుంది. బ్రీదర్ (గాలి పోయి వచ్చే చిన్న రంధ్రం) బురదతో మూసుకుపోయి ఉంటే సీళ్ల గుండా నీటిని లాక్కుంటుంది. రెండు ఇరుసులు, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే పెట్టె) బ్రీదర్లకు గొట్టాలు తగిలించి బానెట్ కింద ఎత్తున కట్టాలి. నీటిలో దిగే ముందు పది నిమిషాలు ఆగి చల్లారనివ్వాలి. నీటి మధ్యలో క్లచ్ తొక్కకూడదు. ఇంజిన్ నీటిలో ఆగిపోతే సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటికి లాగి, ప్లగ్గులు గానీ డీజిల్‌కు గ్లో ప్లగ్గులు గానీ విప్పాకే తిప్పాలి. మరుసటి రోజు రెండు హౌసింగుల నింపే బోల్టులు విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడితే ఆ రోజే మార్చి, 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడాలి.