కొత్తగా వచ్చిన బాబు గురించి

అనంతపురం

ప్రియమైన పిల్లలకు,

మన వీధిలోకి కొత్తగా వచ్చిన బాబు ముక్కూ మొహం తెలియనివాళ్ల చెయ్యి కూడా పట్టుకుంటాడెందుకు, కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుంటాడెందుకు అని అడిగారు కదా. మీకు చెప్పమని వాళ్లమ్మే అన్నది, అందుకే రాస్తున్నా.

మన కణాల్లో క్రోమోజోములని సన్నటి పోగుల్లాంటివి 46 ఉంటాయి. సగం అమ్మవి, సగం నాన్నవి. ఒక్కోసారి బిడ్డ కడుపులో పడేసరికే వాటిలో ఒకదాని నుంచి చిన్న ముక్క పోయి ఉంటుంది. ధర్మవరం మగ్గం మీద ఏ పోగులు తెగాయో వాటిని బట్టే బుట్టాలో తేడా వస్తుంది చూడండి, ఇదీ అంతే. ఏ ముక్క పోయిందో దాన్ని బట్టే బిడ్డ తీరు ఉంటుంది.

ఈ బాబుకు ఏడో క్రోమోజోముల జతలో ఒకదానికి ఓ ముక్క లేదు. 26 నుంచి 28 జన్యువులు, అంటే ఒళ్లు ఎలా తయారవ్వాలో చెప్పే సూచనలు, ఉండే ముక్క అది. దీన్ని విలియమ్స్ సిండ్రోమ్ అంటారు. ఇలాంటి పిల్లలకు మనుషులంటే ప్రాణం, పాటలన్నా చాలామందికి అంతే. కుక్కర్ విజిల్ లాంటి చప్పుళ్లను మాత్రం చాలామంది తట్టుకోలేరు. మాటలు చక్కగా వస్తాయి. ఆ మాటలు విని అన్నీ అర్థమవుతున్నాయని అనుకుంటాం, అక్కడే పొరపడతాం. ఇల్లు బొమ్మ గీయడం, బ్లాకులు పేర్చడం వాడికి చాలా కష్టం. టెన్షన్ కూడా ఎక్కువే. "రేపు స్కూలుందా?" అని పదిసార్లు అడిగితే విసుక్కోకండి, పదోసారి కూడా చెప్పండి.

ఎవరు పిలిచినా వెళ్లిపోతాడన్నదే నాకు భయం. బజారుకు వెళ్తే వాడిని మీ మధ్యలో నడిపించండి.

స్మిత్ మాజెనిస్ అని ఇంకోటుంది, 17వ క్రోమోజోముకు సంబంధించింది. అందులో నిద్ర తెప్పించే హార్మోన్ రాత్రి కాకుండా పగలు ఎక్కువగా వస్తుంది. అలాంటి బిడ్డ క్లాసులో తూగితే సోమరి అనకూడదు. 15వ క్రోమోజోము సంగతి మరీ ఆశ్చర్యం. నాన్న నుంచి వచ్చినదానిలో ఒక ముక్క లేకపోతే ఎంత తిన్నా ఆకలి తీరని ప్రేడర్ విల్లీ వస్తుంది. అదే ముక్క అమ్మ నుంచి వచ్చినదానిలో లేకపోతే ఏంజెల్‌మన్ వస్తుంది. ఆ పిల్లలకు మాటలు చాలా తక్కువ, నవ్వు ఎక్కువ.

గ్రహణం రోజు తల్లి బయటికి రావడం వల్లే ఇలా అయిందని ఎవరో అన్నారట. ఆ మాట నమ్మకండి, ఎక్కడా అనకండి. చాలావరకు ఇది దానంతటదే జరుగుతుంది. తల్లి చేసిన తప్పేమీ లేదు. ఇది అంటుకునే జబ్బు కూడా కాదు.

దీపావళికి టపాసులు కాల్చే ముందు వాళ్లింటికి వెళ్లి ఒక మాట చెప్పి రండి.

మీ అవ్వ