విదేశీ పెట్టుబడి కొన్ని ప్రాంతాలకే ఎందుకు చేరుతుంది: చైనా తీరం చెప్పే చరిత్ర

ఒకే దేశం, ఒకే చట్టం, ఒకే కరెన్సీ. అయినా విదేశీ కంపెనీలు రెండు మూడు ప్రాంతాల్లోనే గుమిగూడతాయి. మిగతాచోట్ల ఎంత రాయితీ ఇస్తామన్నా అటు తిరిగి చూడవు. దీనికి జవాబును పన్ను మినహాయింపుల జాబితాలో వెతకడం మామూలైపోయింది. చైనా అనుభవం చూస్తే అక్కడ దొరికేది సగం జవాబే.

1979 జులైలో విదేశీ భాగస్వామ్య సంస్థల చట్టం తెచ్చిన చైనా, 1980లో షెన్‌జెన్, జుహాయ్, షాంటౌ, షియామెన్‌లలో ప్రత్యేక ఆర్థిక మండళ్లు పెట్టింది. షెన్‌జెన్ అప్పట్లో బ్రిటన్ పాలనలో ఉన్న హాంకాంగ్‌ను ఆనుకుని ఉంది, జుహాయ్ పోర్చుగల్ పాలనలోని మకావును. షియామెన్‌కు ఎదురుగా సముద్రం దాటితే తైవాన్. ఆగ్నేయాసియాలో స్థిరపడిన వ్యాపార కుటుంబాలు చాలావాటి సొంతూళ్లు షాంటౌ చుట్టుపక్కలే. డబ్బు, ఆర్డర్లు, స్థానిక భాష తెలిసిన మేనేజర్లు ఎక్కడి నుంచి రాగలరో లెక్కేసుకుని ఎంచుకున్న చోట్లు ఇవి. తొలినాళ్లలో అక్కడ జరిగింది చాలావరకు కూలి పనే. హాంకాంగ్ వ్యాపారి ముడిసరుకు, నమూనా, యంత్రాలు పంపేవాడు. ఇవతలివాళ్లు కుట్టి, బిగించి, కూలి తీసుకుని సరుకు అప్పజెప్పేవారు. నాణ్యతలో తేడా వస్తే అతను సరిహద్దు దాటి వచ్చి స్వయంగా చూసుకోగలిగేవాడు. కొత్త ప్రాంతంలో తొలి పెట్టుబడి పెట్టేవాడికి ఈ దగ్గరితనమే పెద్ద ధైర్యం.

రాయితీ కూడా తక్కువేం కాదు. అప్పట్లో మండలిలో కంపెనీ లాభంపై పన్ను 15 శాతం ఉండేది. కనీసం పదేళ్లు నడిచే తయారీ సంస్థకు లాభం వచ్చిన మొదటి ఏడాది నుంచి రెండేళ్లు పన్ను ఉండేది కాదు, ఆ తర్వాత మూడేళ్లు సగమే. అంటే వరుసగా 0, 0, 7.5, 7.5, 7.5, ఆపైన 15. చిక్కంతా ‘లాభం వచ్చిన ఏడాది’ దగ్గరే వచ్చింది. మాతృసంస్థ నుంచి కొనే విడిభాగాల ధర పెంచి చూపితే లాభం కనబడేది ఆలస్యమవుతుంది, పన్ను గడియారమూ ఆలస్యంగానే మొదలవుతుంది. గడువు తీరాక కొత్త పేరుతో ఇంకో కంపెనీ పెట్టి మళ్లీ మొదటికి వచ్చినవాళ్లూ ఉన్నారు.

1984లో 14 తీర నగరాలు, 1988లో హైనాన్ ద్వీపం, 1990లో షాంఘైలోని పుడోంగ్ ఈ బాటలోకి వచ్చాయి. హైనాన్‌ను తప్పక గమనించాలి. విస్తీర్ణంలో మండళ్లన్నిటికంటే పెద్దది, రాయితీలకు లోటు లేదు. కానీ అక్కడికి వచ్చిన డబ్బులో చాలాభాగం భూముల బేరాల్లోకి మళ్లింది, 1993లో ఆ బుడగ పగిలింది. షెన్‌జెన్ స్థాయిలో ఫ్యాక్టరీలు అక్కడ రాలేదు.

తేడా అంతా సరఫరాదారుల్లో ఉంది. ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరానికి సర్క్యూట్ బోర్డు, ప్లాస్టిక్ తొడుగు, స్క్రూలు, అట్టపెట్టె కావాలి. అచ్చు అరిగితే సరిచేసే వర్క్‌షాపు కావాలి. ఇవన్నీ ట్రక్కులో గంటా రెండు గంటల దూరంలో ఉంటే కొద్ది రోజుల నిల్వతో పని నడుస్తుంది. లోపలి ప్రాంతంలో అయితే వారాలకు సరిపడా నిల్వ పెట్టుకోవాలి. గోదాము అద్దె, సరుకులో ఇరుక్కుపోయిన డబ్బుకు వడ్డీ, డిజైన్ మారితే పనికిరాకుండా పోయే విడిభాగాలు, వీటికింద చౌక కూలీలో మిగిలిందంతా కరిగిపోతుంది. అందుకే తర్వాత వచ్చిన కంపెనీ ముందు వచ్చినవాటి పక్కనే దిగుతుంది, ఆ ప్రాంతం ఇంకా బలపడుతుంది.

2000లో పశ్చిమ ప్రాంతాల అభివృద్ధి పథకం మొదలైనప్పుడు, ప్రోత్సాహక రంగాలకు అక్కడా 15 శాతం పన్నే ఇచ్చారు. అయినా ఫ్యాక్టరీలు పెద్దగా కదల్లేదు. తీరంలో వేతనాలు పెరిగాక, బరువు తక్కువ, ధర ఎక్కువ ఉన్న సరుకు ముందుగా లోపలికి వెళ్లింది. 2010లో ఐఫోన్లు తయారుచేసే తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్, తీరానికి దూరంగా ఉన్న జెంగ్‌జౌ నగరానికి వచ్చింది. అదే ఏడాది విమానాశ్రయం దగ్గర బాండెడ్ జోన్‌కు (దిగుమతి సుంకం కట్టకుండానే ఎగుమతి సరుకు తయారుచేసుకునే ప్రాంతం) అనుమతి దొరికింది, ఫోన్లు నేరుగా విమానమెక్కాయి. లోపలి ప్రాంతంలోనే ఉన్న మరో నగరం చోంగ్‌చింగ్‌కు ల్యాప్‌టాప్ కంపెనీలు వచ్చాయి, వాటి వెంట విడిభాగాల తయారీదారులూ వచ్చారు. 2011లో అక్కడి నుంచి జర్మనీలోని డ్యూస్‌బర్గ్‌కు సుమారు 11 వేల కిలోమీటర్ల గూడ్సు రైలు మార్గం మొదలైంది. ఆ రెండు నగరాలకూ రవాణా దారి, సరఫరాదారులు సమకూరాకే రాయితీ పనిచేసింది. 2008 జనవరి 1 నుంచి స్వదేశీ, విదేశీ సంస్థలన్నిటికీ 25 శాతం ఉమ్మడి పన్ను వచ్చినా తీరం ఖాళీ కాలేదు.

ప్రాంతాల వారీ అంకెలను చదవడంలోనూ జాగ్రత్త కావాలి. హాంకాంగ్ నుంచి వచ్చినట్టు నమోదైన పెట్టుబడిలో కొంత చైనా నుంచే బయటికి వెళ్లి, విదేశీ హోదాతో దక్కే రాయితీల కోసం తిరిగొచ్చిన డబ్బు. భారత్‌లో 2019 అక్టోబరుకు ముందు ఎఫ్‌డీఐ (విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి) లెక్కలను రిజర్వు బ్యాంకు ప్రాంతీయ కార్యాలయాల వారీగా ఇచ్చేవారు. ఢిల్లీ కార్యాలయం అంకెలో ఉత్తరప్రదేశ్, హరియాణాల కొంత భాగమూ కలిసి ఉండేది. నమోదు కార్యాలయం ఒకచోట, ఫ్యాక్టరీ ఇంకోచోట ఉన్నప్పుడు ఇలాంటి లెక్క దారి తప్పిస్తుంది. ఒక జిల్లాకు నిజంగా ఏం వచ్చిందో తెలియాలంటే స్వాధీనం చేసిన భూమి, మంజూరైన విద్యుత్ లోడు, పీఎఫ్ ఖాతాల సంఖ్య చూడాలి.